గడ్డకట్టని నెత్తురు, కదలని పన్ను

60 కిలోల బరువున్న యువకుడు. నెత్తుర్లో గడ్డకట్టించే ఎనిమిదో ఫ్యాక్టర్ ఒక శాతం కూడా లేదు. అంటే తీవ్రమైన హీమోఫిలియా-ఎ. కింది దవడలో ఒక పన్ను పోయింది. అక్కడ టైటానియం స్క్రూ బిగించి దాని మీద పన్ను కట్టాలి. ఈ మనిషి విషయంలో పని డ్రిల్లుతో మొదలవదు, కాగితం మీద గుణకారంతో మొదలవుతుంది. కిలో బరువుకు ఒక యూనిట్ చొప్పున ఎక్కిస్తే ఎనిమిదో ఫ్యాక్టర్ సుమారు రెండు శాతం పెరుగుతుంది. 80 శాతానికి తేవాలంటే 60ని 80తో గుణించి సగం చెయ్యాలి. వచ్చేది 2,400 యూనిట్లు. సీసాలేమో 250, 500, 1000 యూనిట్లలో వస్తాయి. ఒక్కో సీసా ఖరీదు తెలిసినవాడు అందులో చుక్క కూడా పారబోయడు. అందుకని రెండు వెయ్యివి, ఒక ఐదొందలది కలిపి 2,500 ఎక్కిస్తారు. ఈ ఫ్యాక్టర్ ఒంట్లో ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో సగానికి పడిపోతుంది. ఉదయం తొమ్మిదింటికి 80 ఉన్నది రాత్రి తొమ్మిదికి 40 లేదా అంతకన్నా తక్కువ. కాబట్టి కోత పడాల్సింది ఎక్కించిన గంటలోపే. రెండో మోతాదు ఎప్పుడన్నది కూడా కోతకు ముందే రాసుకోవాలి.

అదే తొమ్మిదో ఫ్యాక్టర్ లోపమైతే, అంటే హీమోఫిలియా-బి అయితే, లెక్క మారుతుంది. కిలోకు ఒక యూనిట్ ఇస్తే పెరిగేది ఒక్క శాతమే. మందు రెట్టింపు కావాలి, కాకపోతే అది ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది.

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపున్న మార్కాపురం, గిద్దలూరు, కంభం బజార్లలో ఇప్పుడు దంత వైద్యశాల బోర్డు మీద ‘ఇంప్లాంట్లు’ అన్న మాట కొత్త కాదు. మామూలు మనిషికైతే అది ముప్పావుగంట పని. వంశపారంపర్యంగా నెత్తురు గడ్డకట్టని జబ్బు ఉన్నవాడికి అదే పనిని ఎలా చేస్తారో దగ్గరగా చూస్తే, వైద్యంలో పనితనం అనేది ఎక్కడ ఉంటుందో తెలుస్తుంది. నన్నడిగితే అది కోసే చేతిలో కన్నా, ఏ కోత అక్కర్లేదో ముందే తేల్చుకోవడంలో ఉంది.

ముందు ఒక అపోహ పక్కన పెట్టాలి. హీమోఫిలియా ఉన్నవాడికి గీసుకుంటే చాలు నెత్తురు చిమ్ముకొస్తుందనుకుంటారు చాలామంది. అలా జరగదు. వాడికి నెత్తురు మనందరి కన్నా వేగంగా కారదు, ఎక్కువసేపు కారుతుంది. గాయమైన వెంటనే ప్లేట్‌లెట్లు వచ్చి పైపైన బిరడా వేస్తాయి. ఆ పని వాడికీ బాగానే జరుగుతుంది. దాన్ని గట్టిపరిచే ఫైబ్రిన్ వల మాత్రం సరిగా అల్లుకోదు. అందుకే పన్ను పీకిన డాక్టరుకు అంతా బాగున్నట్టే కనబడుతుంది. దూది కొరికించి ఇంటికి పంపేస్తాడు. అర్ధరాత్రి ఊళ్ళో, తలగడ తడిసినప్పుడు గానీ అసలు సంగతి బయటపడదు. దీనికి తోడు నోరు అన్నది గడ్డకు శత్రువు. కట్టిన గడ్డను కరిగించే పదార్థాలు లాలాజలంలో, నోటి లోపలి పొరలో సహజంగానే ఉంటాయి. కాబట్టి ఈ రోగులకు నోట్లో రెండు పోరాటాలు: గడ్డ కట్టించడం ఒకటి, కట్టినదాన్ని వారం రోజులు నిలబెట్టడం ఇంకొకటి.

జబ్బును పట్టుకునే దగ్గర కూడా పనితనం ఉంది. రక్త వైద్యులు అడిగే ప్రశ్నల్లో నాకు బాగా నచ్చేది, “మీ అమ్మ అన్నదమ్ముల్లో ఎవరికైనా ఇలా ఉండేదా?” అన్నది. హీమోఫిలియా జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లి మోస్తుంది, కొడుకు అనుభవిస్తాడు. చిన్నతనంలోనే నెత్తురు ఆగక పోయిన మేనమామ ఒకరు కొన్ని ఇళ్ళలో ఉంటారు. ఆ చావు ఎప్పుడో దిష్టి ఖాతాలోనో గాలి ఖాతాలోనో జమ అయిపోయి ఉంటుంది. అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. అలాగని మేనమామలందరూ ఆరోగ్యంగా ఉన్నారంటే జబ్బు లేదని కాదు. దాదాపు మూడింట ఒక వంతు కేసుల్లో ఇంట్లో ముందు ఎవరికీ ఉండదు, జన్యువులో కొత్తగా వచ్చిన మార్పు వల్లే వస్తుంది.

మేనరికాలున్న మన చోట ఇంకో మెలిక కూడా ఉంది. హీమోఫిలియా ఉన్న మేనమామకే అక్క కూతుర్ని ఇచ్చి చేస్తే, ఆ అమ్మాయి కూడా జన్యువు మోస్తున్నదైతే, వాళ్ళకు పుట్టే ఆడపిల్లకూ మగపిల్లవాడికి వచ్చినంత తీవ్రంగా జబ్బు రావచ్చు. ఇక వాన్ విల్లీబ్రాండ్ జబ్బులో మూడో రకం, పదమూడో ఫ్యాక్టర్ లోపం, గ్లాంజ్‌మన్ థ్రాంబాస్థీనియా వంటి నెత్తురు ఆగని ఇతర జబ్బులు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, చెడ్డ జన్యువులు రెండూ కలిస్తేనే వస్తాయి. దగ్గరి సంబంధాల్లో వీటికి అవకాశం ఎక్కువ. వీటిలో కొన్ని మహా మాయలమారివి. గ్లాంజ్‌మన్‌లో ప్లేట్‌లెట్ల సంఖ్య చక్కగా ఉంటుంది, అవి పని మాత్రం చేయవు. పదమూడో ఫ్యాక్టర్ లేకపోతే గడ్డ మామూలుగానే కట్టి, ఒకటి రెండు రోజులకు విచ్చిపోతుంది. గడ్డకట్టే సమయం చూడటానికి పీటీ, ఏపీటీటీ అని మనం రాయించుకునే పరీక్షలు రెండూ నార్మల్ అని వస్తాయి. పుట్టినప్పుడు బొడ్డు ఊడిన చోట నెత్తురు ఆగలేదని తల్లి చెప్పే మాటే అక్కడ అసలైన ఆధారం. నెలసరి పది రోజులు ఆగకపోయినా “ఆడవాళ్ళకు మామూలే” అని సర్దుకున్న అమ్మాయి కూడా ఈ జాబితాలోనిదే కావచ్చు. పన్ను పీకేముందు ఆ ప్రశ్న అడిగే దంత వైద్యుడు నా దృష్టిలో మంచి పనివాడు.

ఈ ప్రాంతపు పళ్ళ గురించి రాస్తూ ఫ్లోరైడ్ ఊసెత్తకుండా ఉండలేం. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు ‘ఇండియన్ మెడికల్ గెజెట్’లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాశారు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి తర్వాత 1970లో కొత్త ఒంగోలు జిల్లాలోకి (దాని పేరే ఆ తర్వాత ప్రకాశం) వచ్చాయి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చి కలిశాయి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్ళు తాగి పెరిగిన పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మరకలు, ముదిరితే గుంటలు, పెచ్చులు. పాలపళ్ళు ఊడి వచ్చే పళ్ళ ఎనామిల్ దవడలో తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ళ లోపు, జరిగే నష్టం ఇది. తర్వాత తోమితే పోదు. ఫ్లోరైడ్‌కూ నెత్తురు జబ్బుకూ సంబంధం లేదు. కానీ రెండూ ఒకే పిల్లవాడికి ఉంటే? పన్ను పెచ్చులూడుతుంటుంది, తోమితే చిగురు నుంచి నెత్తురొస్తుంది. భయపడి తల్లి బ్రష్ మానిపిస్తుంది. మానిపిస్తే పాచి పేరుకుంటుంది, చిగురు వాస్తుంది, ఇంకా ఎక్కువ నెత్తురొస్తుంది. పాతికేళ్ళు వచ్చేసరికి పీకాల్సిన పళ్ళు నాలుగైదు తయారవుతాయి. ఇంప్లాంట్ వరకూ వచ్చే చాలామంది దారి ఇదే.

ఆ దారి మధ్యలో మరో గుంత ఉంది. పన్ను నొప్పి అనగానే మన పల్లెల్లో ముందు పడేది పిరుదుకు డైక్లోఫెనాక్ సూది. హీమోఫిలియా ఉన్నవాడికి అది రెండు రకాల చేటు. కండలోకి దిగిన సూది చోట లోపల నెత్తురు చేరుతుంది. పైగా ఆ మందే ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేస్తుంది. వీళ్ళకు నొప్పికి పారాసిటమాల్, అదీ మాత్ర రూపంలో.

ఇక ఆపరేషన్ సంగతి. పడమటి ప్రకాశంలో బోరు వేయించిన రైతుకు తెలుసు, కింద ఏముందో పైకి కనబడదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగినవాడు చెప్పిన చోట బండి నిలబెట్టి, వెయ్యి అడుగులు దించి, దుమ్ము తప్ప ఏమీ రాకపోతే అప్పుతో ఇంటికెళ్ళడం మన దగ్గర మామూలే. దవడలో దించే బోరుకు అలాంటి జూదం అక్కర్లేదు. సీబీసీటీ అనే స్కాన్ ఎముకను మిల్లీమీటర్లలో కోసి చూపిస్తుంది. కింది దవడలో నరం వెళ్ళే కాలువ ఎక్కడుంది, దానికీ స్క్రూ కొసకూ మధ్య రెండు మిల్లీమీటర్లు మిగులుతాయా, నాలుక వైపు ఎముక లోపలికి వంగి ఉందా అన్నవి ముందే చూసుకుంటారు. ఆ చివరిది చాలా ముఖ్యం. నాలుక కింద రక్తనాళాలు ఆ ఎముకను ఆనుకునే వెళ్తాయి. డ్రిల్లు జారి అటు పొడిచిందంటే నాలుక కింద నెత్తురు చేరి గాలి ఆడని పరిస్థితి వస్తుంది. ఏ జబ్బూ లేని మనుషులకే ఇలా ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కాబట్టి ఇక్కడ పొడుగు స్క్రూ మీద మోజు ఉండదు. పనికొచ్చే వాటిలో పొట్టిదే మేలు. స్కాన్‌ను బట్టి ప్రింట్ చేసిన ప్లాస్టిక్ గైడ్ నోట్లో కూర్చోబెడితే డ్రిల్లు అనుకున్న కోణం తప్పి పక్కకు పోదు.

మత్తు దగ్గర ఇంకో జాగ్రత్త. కింది దవడకు మామూలుగా వెనక, దవడ లోపలి వైపు లోతుగా సూది దించి మొత్తం సగం దవడను మొద్దుబరుస్తారు. ఫ్యాక్టర్ సరిపడా లేకుండా అది చేస్తే సూది చోట చేరిన నెత్తురు గొంతు వైపు దిగవచ్చు. అందుకని పన్ను చుట్టూ పైపైన ఇచ్చే మత్తుతో పని జరిగితే దానితోనే కానిస్తారు. లోతుగా ఇవ్వక తప్పదంటే, ఫ్యాక్టర్ ఎక్కాకే.

చిగురును పెద్దగా చీల్చి విప్పకుండా, ఎముక వెడల్పు సరిపోతే, గుండ్రటి చిన్న కోతతోనే లోపలికి వెళ్తారు. పళ్ళను అరగదీసే యంత్రం నిమిషానికి లక్షల చుట్లు తిరుగుతుంది. ఎముకలో దించే డ్రిల్లు వెయ్యికి అటూ ఇటూ. ముందు రెండు మిల్లీమీటర్ల డ్రిల్లు, తర్వాత కొంచెం లావుది, ఆ తర్వాత ఇంకొంచెం లావుది. చల్లటి సెలైన్ ధార ఆగకూడదు. డ్రిల్లు దించి, తీసి, మళ్ళీ దించుతారు. ఎముక 47 డిగ్రీల వేడిలో ఒక్క నిమిషం ఉన్నా దెబ్బతింటుందని స్వీడన్ పరిశోధకులు 1983లో తేల్చారు. గట్టి ఎముక త్వరగా వేడెక్కుతుంది. ఫ్లోరోసిస్ ముదిరి ఎముకల దాకా వెళ్ళినవాళ్ళలో ఎముక సాంద్రత పెరిగి ఉంటుంది కాబట్టి, మన ప్రాంతపు రోగి విషయంలో స్కాన్‌లో ఆ గట్టితనాన్ని కూడా చూసుకోవాలి. తొందరపడితే నష్టపోయేది ఎముకే.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది తర్వాతి అర నిమిషం. డ్రిల్లు తీయగానే ఎముక గుంతలో నెత్తురు ఊరుతుంది. సుమారు నాలుగు మిల్లీమీటర్ల లావు, పది మిల్లీమీటర్ల పొడవు ఉన్న స్క్రూను నెమ్మదిగా తిప్పుతూ దించుతారు. మర ఎముకను ఒత్తుకుంటూ కిందికి దిగే కొద్దీ ఊట తగ్గుతుంది. పూర్తిగా కూర్చునేసరికి గుంత మూసుకుపోతుంది. పన్ను పీకితే మిగిలేది తెరిచిన గుంత. స్క్రూ బిగిస్తే మిగిలేది మూసిన గుంత. నెత్తురు జబ్బు ఉన్నవాడికి ఇంప్లాంట్ కన్నా పన్ను పీకడమే పెద్ద గండమంటే ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, ఎముక లెక్క ప్రకారం అదే నిజం.

అక్కడితో పొదుపు ఆగదు. మామూలుగా కొందరు స్క్రూ మీద చిగురు కప్పి కుట్టేసి, మూడు నెలల తర్వాత మళ్ళీ కోసి బయటికి తీస్తారు. ఈ రోగులకు చిగురు పైకి కనిపించే చిన్న మూతను మొదటి రోజే బిగించేస్తే రెండో కోత తప్పుతుంది, దానికి కావాల్సిన ఫ్యాక్టర్ కూడా మిగులుతుంది. పీకాల్సిన పన్ను ఏదైనా ఉంటే అదీ అప్పుడే పీకుతారు. ఒకసారి ఎక్కించిన మందు నీడలో ఎన్ని పనులు తెమిలితే అన్ని తెమలాలి. కుట్లకు కరిగిపోయే దారమే వాడతారు. పట్టుదారంతో కుడితే వారానికి దాన్ని లాగాలి, లాగితే ఆ చోట మళ్ళీ నెత్తురు. కుట్ల మీద ఫైబ్రిన్ జిగురు, దాని మీద ట్రానెక్సామిక్ ఆమ్లంలో ముంచిన గాజుగుడ్డ, అరగంట కొరికి పట్టుకోవడం.

ట్రానెక్సామిక్ ఆమ్లం గురించి కాస్త చెప్పాలి. గడ్డను కరగనివ్వని ఈ మందును 1962లో జపాన్‌లో ఉటాకో ఒకామోటో, ఆమె భర్త షోసుకే కనిపెట్టారు. కాన్పు తర్వాత నెత్తురు ఆగక చనిపోయే తల్లుల కోసం ఆమె పడిన తపన అది. నోటి పనికి దీనంత చవకైన నేస్తం మరొకటి లేదు. పుక్కిలించే ద్రావణం 5 శాతం ఉండాలి. సీసాలో తయారుగా దొరకని చోట, 500 మిల్లీగ్రాముల మాత్రను మెత్తగా పొడి చేసి 10 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపితే సరిగ్గా 5 శాతమే అవుతుంది. రెండు నిమిషాలు నోట్లో ఊరికే ఉంచుకుని, రోజుకు నాలుగుసార్లు, వారం రోజులు. గట్టిగా పుక్కిలించకూడదు. ఊయకూడదు, నోరు వంచి జారవిడవాలి. లోపించిన ఫ్యాక్టర్‌ను దాటేసి గడ్డకట్టించే కొన్ని రకాల బైపాస్ మందులు వాడేవాళ్ళకు, మూత్రంలో నెత్తురు పడేవాళ్ళకు ఇది పడదు. అందుకని రక్త వైద్యుడు చెప్పకుండా దీని జోలికి పోకూడదు.

మొదటి రోజు కన్నా మూడో రోజు నుంచి ఐదో రోజు దాకానే కాపలా ఎక్కువ కావాలి. అప్పుడు కుట్టు మీద ముదురు ఎరుపులో మెత్తటి ముద్ద ఒకటి ఉబ్బి కనబడితే, అది మంచి గడ్డ కాదు. లోపల ఊట ఆగలేదని దాని అర్థం. తెలియనివాడు దాన్ని కదపకుండా వదిలేస్తాడు. తెలిసినవాడు తీసేసి, శుభ్రం చేసి, ఫ్యాక్టర్ ఇచ్చి మళ్ళీ ఒత్తి పెడతాడు. తిండి విషయంలో జొన్న రొట్టె, వేయించిన శనగలు కొన్నాళ్ళు బంద్. చల్లారిన రాగి జావ, మెత్తగా పిసికిన మజ్జిగన్నం చాలు.

ఇంప్లాంట్ అన్న ఆలోచన స్వీడన్ వైద్యుడు బ్రోనెమార్క్‌ది. కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం పరికరం మళ్ళీ ఊడి రాలేదు, ఎముక దానికి అతుక్కుపోయింది. 1965లో ఆయన తొలి రోగి దవడలో స్క్రూలు పెట్టారు. నెత్తురు వైపు నుంచి కూడా దంతాలే దారి చూపాయి. ఇటలీలో మానుచ్చీ బృందం 1977లో డెస్మోప్రెసిన్ అనే మందుతో తేలికపాటి హీమోఫిలియా, వాన్ విల్లీబ్రాండ్ రోగులకు ఫ్యాక్టర్ ఎక్కించకుండానే పళ్ళు పీకి చూపింది. ఒంట్లో దాచుకున్న ఫ్యాక్టర్‌ను ఆ మందు బయటికి తెప్పిస్తుంది.

మనకు దగ్గరలో ఈ పనితనానికి పెద్ద బడి వెల్లూరు సీఎంసీ. కాట్పాడిలో రైలు దిగే తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పాల్సిన పేరు కాదు. అక్కడి రక్త వైద్యుడు అలోక్ శ్రీవాస్తవ బృందం 1998లోనే తక్కువ మోతాదు ఫ్యాక్టర్‌తో ఆపరేషన్లు ఎలా సాగించవచ్చో రాసింది. పడమటి దేశాల మోతాదులు కొనలేని చోట, నెత్తురు ఆగడానికి నిజంగా ఎంత కావాలి అన్న ప్రశ్న వేసుకోవడం గొప్ప సంగతి. తర్వాత ప్రపంచ హీమోఫిలియా సమాఖ్య 2020 మార్గదర్శకాల తయారీని ముందుండి నడిపించిందీ ఆయనే. 2024 చివర్లో అదే సీఎంసీ నుంచి హీమోఫిలియా-ఎ జన్యు చికిత్స ఫలితాలు వచ్చాయి. ఐదుగురు రోగులు, అందరినీ కలిపి 81 నెలల పరిశీలన, ఒక్కసారి కూడా నెత్తురు పోలేదు.

కొత్త మందులతో కొత్త ఉచ్చులు కూడా వచ్చాయి. హీమోఫిలియా-ఎకు వాడే ఎమిసిజుమాబ్ అనే సూది చర్మం కింద వారానికో, రెండు వారాలకో, నాలుగు వారాలకో ఇస్తారు. పిల్లల జీవితాలే మారిపోయాయి. కానీ అది వాడేవాడికి ఏపీటీటీ చేయిస్తే నార్మల్ వస్తుంది, మామూలు పద్ధతిలో చేసిన ఫ్యాక్టర్ పరీక్ష లేనిపోని ఎక్కువ అంకె చూపిస్తుంది. ఆ కాగితం చూసి “బాగానే ఉంది” అని కోత పెడితే తప్పు. వేరే రకం రసాయనంతో పరీక్ష చేసే ల్యాబ్ కావాలి. ఇన్‌హిబిటర్లు ఉన్నవాళ్ళ సంగతి మరీ కష్టం. తీవ్ర హీమోఫిలియా-ఎ ఉన్నవాళ్ళలో 30 శాతం దాకా జనం విషయంలో, ఎక్కించిన ఫ్యాక్టర్‌నే ఒళ్ళు శత్రువనుకుని, ఈ ఇన్‌హిబిటర్లు అనే ప్రతిరక్షకాలతో నాశనం చేస్తుంది. ఆ పరీక్ష చేయించకుండా ఎవరూ డ్రిల్లు పట్టకూడదు.

అందుకే నా మాట ఇది: ఈ ఆపరేషన్ మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఒంటరి క్లినిక్కులో చేయాల్సింది కాదు. రక్త వైద్యుడు, ఫ్యాక్టర్ కొలిచే ల్యాబ్, దంత సర్జన్ ముగ్గురూ ఒకే గడప లోపల ఉన్న పెద్దాసుపత్రిలో చేయాల్సింది. మన ఊరి దంత వైద్యుడి వంతు దానికి ముందూ తర్వాతా ఉంది. అనుమానం వస్తే పీకకుండా పంపడం, పంపాక తిరిగొచ్చినవాడి స్క్రూ చుట్టూ చిగురును ఆర్నెల్లకోసారి శుభ్రం చేస్తూ ఉండటం. స్క్రూ చుట్టూ పాచి పేరుకుంటే టైటానియం కూడా ఊడుతుంది.

ఇంట్లో ఇలాంటి పిల్లవాడున్న తల్లిదండ్రులకు ఒక మనవి. మెత్తటి బ్రష్‌తో రోజూ రెండుసార్లు తోమించండి, నెత్తురు కనబడినా మానిపించకండి. జబ్బు పేరు, ఫ్యాక్టర్ శాతం, ఇన్‌హిబిటర్ సంగతి రాసిన కార్డు జేబులో ఉంచండి, సూది పట్టుకున్న ప్రతి మనిషికీ ముందు అది చూపించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో హీమోఫిలియా ఉంది. తీవ్ర హీమోఫిలియాకు మన రాష్ట్రంలో నెలనెలా పింఛను కూడా ఉంది. సర్టిఫికెట్ ఇంకా తీసుకోకపోతే ఈ నెలలోనే వెళ్ళి తీసుకోండి.